అద్దానికి పెట్టుకున్న అర్జీలు

ముందు చిన్న లెక్క. ఒక ఇంజినీరింగ్ సెక్షన్‌లో 60 మంది ఉన్నారు. తలా 4 పుల్ రిక్వెస్టులు (మీ కోడులో ఈ మార్పు చేర్చుకోండన్న అర్జీలు) పంపితే రెజ్యూమెలో ‘ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్’ అని రాసుకోవచ్చని వాళ్లకు ఎవరో చెప్పారు. అందరూ ఒకే ప్రాజెక్టును ఎంచుకున్నారు. మొత్తం 240. ఒక్కో రిక్వెస్టు తెరిచి, ఏం మార్చారో చూసి, రెండు మాటలు జవాబు రాసి మూసేయడానికి అవతలి మనిషికి 3 నిమిషాలు పడుతుందనుకుంటే 720 నిమిషాలు, అంటే 12 గంటలు. ఆ ప్రాజెక్టు కోడు ఉండే రిపాజిటరీలో జరిగే ప్రతి కదలికనూ మెయిల్లో తెప్పించుకునేవాళ్లు 50 మంది ఉంటే 12,000 మెయిళ్లు. ఆ అవతలి మనిషి చాలాసార్లు జీతం లేకుండా, ఉద్యోగం ముగిశాక రాత్రిపూట కూర్చుని ఈ పని చేస్తుంటారు.

ఆ 240లో నిజంగా పనికొచ్చేవి 20 ఉన్నాయనుకుందాం. అసలు ప్రాజెక్టుకు చేరి ఉంటే ఆ 20 అయినా నిలిచేవి. కానీ అవి చేరింది ప్రాజెక్టుకు కాదు, దాని నకలుకు. అప్పుడు 240కి 240 గంగలో కలిసినట్టే. ఇలాంటి నకళ్లనే మిర్రర్ రిపాజిటరీలు అంటారు. వాటి మీద వచ్చి పడే రిక్వెస్టులను ఏం చేయాలన్నది ఎన్నో పెద్ద ప్రాజెక్టులు ఏళ్లుగా తల పట్టుకున్న సమస్య. నాకు మటుకు ఒక్క విషయంలో సందేహం లేదు. అలా వచ్చినదాన్ని పలకరించకుండా, మూయకుండా అలాగే వదిలేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

విజయవాడ దగ్గరి మైలవరంలో 1998లో లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజినీరింగ్ కాలేజీ మొదలైనప్పుడు ఈ గొడవే లేదు. కోడు మార్పుల లెక్క ఉంచే గిట్ పుట్టింది 2005లో, ఆ కోడును పంచుకునే గిట్‌హబ్ సైటు తలుపులు తెరిచింది 2008లో. ఇవాళ మైలవరంలోనే కాదు, విజయవాడ చుట్టుపక్కల ఏ కాలేజీలో అడిగినా సీఎస్‌ఈ పిల్లలకు ‘పీఆర్’ (పుల్ రిక్వెస్ట్) అన్న మాట కొట్టిన పిండి. గిట్‌హబ్ తన వార్షిక నివేదికల్లో చెప్పిన అంకెలు చూడండి: 2023లో భారతదేశం నుంచి 1.32 కోట్ల మంది డెవలపర్లు, 2024లో 1.7 కోట్లకు పైగా. 2028 నాటికి మనవాళ్ల సంఖ్య అమెరికాను దాటుతుందని 2024 నివేదిక అంచనా. ఇంతమంది కొత్తవాళ్లు ఒక్కసారిగా తలుపు తడుతున్నప్పుడు, ఏ తలుపు తట్టాలో చెప్పేవాళ్లు ఉండాలి కదా.

కొండపల్లి ఏనుగు, షోరూం ఏనుగు

విజయవాడ నుంచి మైలవరం వెళ్లే దారిలో కొండపల్లి తగులుతుంది. తెల్ల పొణికి చెక్కను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికి, రంగులద్ది అక్కడ బొమ్మలు చేస్తారు. అదే అంబారీ ఏనుగు విజయవాడలో షోరూం అద్దాల బీరువాలోనూ ఉంటుంది. ఏనుగు చెవి మీద రంగు సరిగా పడలేదని మీకు అనిపించింది. షోరూంలో కూర్చున్నాయనకు చెప్పారు. ఆయన ఓపికగా వింటారు, నిజమేనండీ అంటారు. కానీ కుంచె ఆయన చేతిలో లేదు. వచ్చే వారం కొండపల్లి నుంచి దిగే ఏనుగుల చెవులు మళ్లీ అలాగే ఉంటాయి. చెప్పాల్సింది బొమ్మల కాలనీలో అరుగు మీద కూర్చుని రంగు వేసే మనిషికి.

మిర్రర్ రిపాజిటరీ ఆ షోరూం లాంటిది. అసలు కోడు మరోచోట, ప్రాజెక్టు సొంత సర్వర్ మీద ఉంటుంది. సమీక్షలు అక్కడే, చర్చలు అక్కడే, ఆమోదం అక్కడే. గిట్‌హబ్‌లో కనిపించేది దాని ప్రతిబింబం. మరి ఎందుకు పెట్టడం అంటే కారణాలున్నాయి. కొత్తవాళ్లు వెతికేది గిట్‌హబ్‌లోనే. కోడు చదవడానికి, వెతకడానికి, ఫోర్క్ చేసుకోవడానికి అక్కడ సులువు. సొంత సర్వర్ మీద డౌన్‌లోడ్ల భారం తగ్గుతుంది. పైగా అసలు సర్వర్‌కు ఏమైనా అయితే మరో ప్రతి పదిలంగా ఉంటుంది.

చిక్కంతా గిట్‌హబ్ పేజీ రూపంలో ఉంది. అసలు రిపోకూ, మిర్రర్‌కూ పేజీ ఒకేలా కనిపిస్తుంది. అదే ఫోర్క్ మీట, అదే ఆకుపచ్చ ‘కొత్త పుల్ రిక్వెస్ట్’ మీట. షోరూం గోడకు సలహాల పెట్టె తగిలించి, దాని తాళంచెవి ఎవరికీ ఇవ్వనట్టు.

పోనీ, మిర్రర్ చూసే మనిషి జాలిపడి ఒక మంచి రిక్వెస్టును అక్కడే మెర్జ్ చేశారనుకోండి, అంటే కోడులో కలిపేశారనుకోండి. ఇది చాలామందికి తెలియని సంగతి కాబట్టి కొంచెం దగ్గరగా చూద్దాం. మిర్రర్‌ను తాజాగా ఉంచేది ఒక చిన్న స్క్రిప్టు. అసలు సర్వర్‌లో మార్పు రాగానే, లేదా కొద్ది నిమిషాలకోసారి, అది ‘గిట్ పుష్ --మిర్రర్’ అన్న ఆదేశం నడుపుతుంది. అక్కడేముందో ఇక్కడా సరిగ్గా అదే ఉండాలన్నది దాని అర్థం. ఇక్కడ అదనంగా ఏదైనా ఉంటే అడగకుండా తుడిచేస్తుంది. అంటే జాలిపడి చేసిన ఆ మెర్జ్ తర్వాతి పుష్‌తో మాయమవుతుంది. బలవంతంగా తిరగరాయకుండా స్క్రిప్టును మామూలు పుష్‌తో నడిపితే ఇంకా చిక్కు. రెండు చరిత్రలు విడిపోయాయని గిట్ పుష్‌ను తిరస్కరిస్తుంది, మిర్రర్ ఆ రోజు నుంచి ఆగిపోతుంది. లోకమంతా పాత కోడును కొత్తదనుకుని దించుకుంటూ ఉంటుంది. ఒక్క మంచి మనసు, ఒక్క క్లిక్కు, మొదటికే మోసం.

17వ నంబరు రిక్వెస్టు

ఈ సమస్యకు పెద్ద చరిత్ర లైనక్స్ దగ్గర ఉంది. 2011 ఆగస్టు చివరలో లైనక్స్ కెర్నల్ సొంత సర్వర్ కెర్నల్.ఆర్గ్‌లోకి చొరబాటు జరిగినట్టు బయటపడింది. సర్వర్లు ఆపేసి శుభ్రం చేసుకోవాల్సి వచ్చింది. ఆ మధ్యకాలంలో, సెప్టెంబరులో, 3.1 వెర్షన్ పరీక్షా విడుదలను లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌హబ్‌లో పెట్టారు. తాత్కాలికంగా మొదలైన ఆ రిపాజిటరీ అలాగే ఉండిపోయి గిట్‌హబ్‌లో అందరికీ తెలిసిన పేజీల్లో ఒకటైంది.

జనం ఊరుకుంటారా, రిక్వెస్టులు పంపడం మొదలెట్టారు. 2012 మేలో 17వ నంబరు రిక్వెస్టు కింద టోర్వాల్డ్స్ స్వయంగా జవాబు రాశారు. గిట్‌హబ్ ద్వారా వచ్చే పుల్ రిక్వెస్టులు తాను తీసుకోనని, అవి పంపినవాళ్ల సరైన ఈమెయిల్ చిరునామా లాంటి అవసరమైన వివరాలను పోగొడతాయని, ఏయే ఫైళ్లు ఎంత మారాయో చెప్పే పట్టిక కూడా సరిగా ఉండదని ఆయన ఫిర్యాదు. మాట కటువే. కానీ లోపలి కారణం న్యాయమైనది. లైనక్స్‌లో ప్రతి మార్పుకూ దాన్ని రాసినవాళ్ల పేరు, చిరునామా, బాధ్యత వహిస్తూ చేసే సంతకపు వరుస తప్పనిసరి. మార్పులు ప్యాచ్‌ల రూపంలో మెయిళ్లలో వస్తాయి, ఆ విభాగం చూసే మెయింటెయినర్లు వాటిని చదివి పైకి పంపుతారు.

ఆయన అంత స్పష్టంగా చెప్పాక కూడా రిక్వెస్టులు ఆగలేదు. కొన్ని నిజమైన దిద్దుబాట్లు, కొన్ని సరదాకి పంపినవి, కొన్ని ఎందుకు పంపారో పంపినవాళ్లకే తెలియనివి. చివరికి ఒక డెవలపర్ బాట్ ఒకటి తయారుచేశారు, పేరు కెర్నల్ పీఆర్ బాట్. కొత్త రిక్వెస్టు రాగానే అది పలకరించి, ఇక్కడ తీసుకోరని, ప్యాచ్ ఎలా తయారుచేయాలో ఎవరికి పంపాలో ఫలానా చోట ఉందని చెబుతుంది. ఇక్కడ తీసుకోరన్న 2012 నాటి మాటే బాట్ జవాబులోనూ ఉంది. తేడా ఏమిటంటే బాట్‌కు విసుగు రాదు. వెయ్యోవాడికి కూడా మొదటివాడికి చెప్పినంత మర్యాదగా చెబుతుంది.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌వాళ్లు మరోదారి పట్టారు. గిట్‌హబ్ పేజీలో పైనే, వివరణ వాక్యంలోనే, ఇది అద్దం మాత్రమే, ఇక్కడి పుల్ రిక్వెస్టులతో మేం పనిచేయం అని రాసిపెట్టారు. ఖర్చు సున్నా. ఫలితం మాత్రం సగం సగం. ఎందుకంటే ఫోనులో పేజీ తెరిచినవాళ్లలో ఆ వాక్యం చదివేది ఎందరు?

ఒక తెలుగు ఫైలు కథ

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, ఇప్పుడు లక్ష వ్యాసాలు దాటింది. అది నడిచేది మీడియావికీ అనే సాఫ్ట్‌వేర్ మీద. వికీపీడియా తెరిచినప్పుడు కనిపించే ‘చర్చ’, ‘చరిత్ర’ లాంటి మాటలు, హెచ్చరికలు, మీటల పేర్లు అన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌లో te.json అన్న ఒకే తరహా ఫైళ్లలో ఉంటాయి. ‘టీఈ’ అంటే తెలుగు. ఫైలు పైభాగంలో అనువదించినవాళ్ల వాడుకరి పేర్ల జాబితా ఉంటుంది. దాని కింద ఒక్కో వరుసలో ఎడమ పక్క ఇంగ్లిష్ తాళం, కుడి పక్క తెలుగు మాట.

మైలవరంలో మూడో ఏడాది చదివే అమ్మాయి ఒకరు వికీపీడియాలో ఏదో సందేశంలో అక్షరదోషం పట్టుకున్నారనుకుందాం. తెలివైన పిల్ల. గిట్‌హబ్‌లో వెతికితే మీడియావికీ దొరికింది, అందులో ఆ te.json దొరికింది. వత్తు సరిచేసింది, రిక్వెస్టు పంపింది. ఆ మార్పు నూటికి నూరుపాళ్లు సరైనది. తెలుగు తెలిసినవాళ్లెవరూ కాదనరు. అయినా అది లోపలికి పోదు.

పోకపోవడానికి ఒకటి కాదు, రెండు గోడలున్నాయి. మొదటిది, గిట్‌హబ్‌లోని మీడియావికీ మిర్రర్. ఆ పేజీ వివరణలోనే వికీమీడియా గెరిట్ సర్వర్ నుంచి తీసిన ప్రతిబింబమని ఉంటుంది. కోడు సమీక్ష అంతా గెరిట్‌లో. రెండోది ఇంకా ముఖ్యం. ఆమె గెరిట్ దాకా వెళ్లినా ఆ ఫైలును చేత్తో మార్చడం పద్ధతి కాదు. అనువాదాలు జరిగేది ట్రాన్స్‌లేట్‌వికీ.నెట్‌లో. అక్కడ వాడుకరులు రాసిన తెలుగు మాటలను ఒక బాట్ పోగుచేసి te.json ఫైళ్లలోకి ఎక్కించి గెరిట్‌కు పంపుతుంది. అక్కడి నుంచి గిట్‌హబ్ మిర్రర్‌కు చేరుతుంది. అంటే ఆమె చూసిన ఫైలు అద్దంలో కనిపించే అద్దం. ఎవరైనా చేత్తో దిద్దినా, బాట్ తర్వాతి విడతలో పాత తప్పునే తెచ్చి మళ్లీ అక్కడ పెట్టే ప్రమాదముంది.

ఆ ఒక్క వత్తు దిద్దడానికి గిట్‌హబ్‌లో పట్టే సమయం చూడండి: ఫోర్క్, బ్రాంచి, కమిట్, రిక్వెస్టు, కొత్తవాళ్లకైతే అరగంట. ట్రాన్స్‌లేట్‌వికీలో ఖాతా ఉన్నవాళ్లకు అదే దిద్దుబాటు ఒక నిమిషం పని. కోడు రానివాళ్లు కూడా చేయగలరు. ఫలితం కొద్ది రోజుల్లోనే తెలుగు వికీపీడియాలో కనిపిస్తుంది. సరైన తలుపు ఎంత సులువుగా తెరుచుకుంటుందో తెలియక, అరగంట కష్టపడి గోడను తట్టిన పిల్లను తప్పుపట్టను. ఆ తలుపు ఎక్కడుందో రిక్వెస్టు పంపిన క్షణంలోనే ఆమెకు చెప్పే ఏర్పాటు లేకపోతే మాత్రం అది ప్రాజెక్టు తప్పే. సరైన తెలుగు రాయగలిగి, ఫైలు దాకా వెళ్లగలిగిన మనిషి మళ్లీ మళ్లీ దొరకరు.

ఇది నాకు అనుభవమైన సంగతి కూడా. నేను పంపిన మొదటి రిక్వెస్టు ఒక ప్రాజెక్టు మిర్రర్ మీద పడింది. 14 నెలలు అది తెరిచే ఉంది. కాదన్నవాళ్లు లేరు, ఔనన్నవాళ్లు లేరు. నాకు చేతకాలేదేమో, ఇంగ్లిష్ తప్పు రాశానేమో అని వంద ఊహలు. చివరకు నేనే మూసేసుకున్నాను. అది మిర్రర్ అని తెలిసింది మరో రెండేళ్లకు. ఒక్క వరుస జవాబు ఎవరైనా రాసి ఉంటే ఆ రెండేళ్లూ నేను ఆ ప్రాజెక్టులో పనిచేసి ఉండేవాణ్ణి.

టీ షర్టుల అక్టోబరు

తప్పు చిరునామాకు వచ్చిన మంచి రిక్వెస్టులు ఒక రకం. ఇక రెండో రకం, ఏ చిరునామాకూ పనికిరానివి.

డిజిటల్ ఓషన్ అనే సంస్థ 2014లో హాక్టోబర్‌ఫెస్ట్ మొదలుపెట్టింది. అక్టోబరులో ఓపెన్ సోర్స్‌కు సాయం చేసినవాళ్లకు టీ షర్టు. ఉద్దేశం మంచిదే, చాలా ఏళ్లు బాగానే నడిచింది. 2020లో నియమం ఇది: 4 పుల్ రిక్వెస్టులు పంపాలి, మొదటి 70,000 మందికి బహుమతి. ఆ ఏడాది అక్టోబరు 1న తెల్లారేసరికి మెయింటెయినర్ల ఇన్‌బాక్సులు నిండిపోయాయి. రీడ్‌మీ ఫైలు శీర్షికలో ‘అమేజింగ్ ప్రాజెక్ట్’ అని ఒక ముక్క చేర్చి పంపినవాళ్లు లెక్కలేనంతమంది. ఒక హిందీ యూట్యూబ్ పాఠంలో నమూనాగా చూపించిన మార్పును చూసినవాళ్లు చూసినట్టే దించేశారు. పాల్గొన్నవాళ్ల రిక్వెస్టుల్లో కనీసం 4 శాతాన్ని మెయింటెయినర్లు స్పామ్ అనో చెల్లదనో గుర్తించారని నిర్వాహకులే ప్రకటించారు. 4 శాతం చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ అవి అన్ని ప్రాజెక్టులకూ సమంగా పడవు. పేరున్న రిపోల మీదే గుంపుగా పడతాయి.

బుడమేరు పుట్టేది మైలవరం చుట్టుపక్కల కొండల్లోనే. అక్కడ చూస్తే అది చిన్న వాగు. 2024 సెప్టెంబరు మొదటివారంలో అదే నీరు గట్లు తెంచుకుని విజయవాడలో ఎన్నో కాలనీలను ముంచింది. కొండ మీద పడిన ఏ ఒక్క చినుకుకూ ఊరిని ముంచే ఉద్దేశం లేదు. చినుకు సంగతి చినుకుకు తెలియదు, కింద ఉన్నవాళ్లకు తెలుస్తుంది. రిక్వెస్టుల వరద సంగతీ ఇంతే. పంపిన ప్రతివాళ్లూ ‘నాది ఒక్కటే కదా’ అనుకుంటారు.

2020లో మూడో రోజుకే నిర్వాహకులు నియమం మార్చారు. తమకు ఇష్టమని ముందుగా ‘హాక్టోబర్‌ఫెస్ట్’ అన్న గుర్తు పెట్టుకున్న రిపాజిటరీలకు పంపినవే లెక్కలోకి వస్తాయన్నారు. మిర్రర్లకు ఇది గొప్ప ఊరట, ఎందుకంటే రిక్వెస్టులే వద్దనే రిపో ఆ గుర్తు ఎందుకు పెట్టుకుంటుంది? 2023లో టీ షర్టులు మానేసి డిజిటల్ బ్యాడ్జీలు ఇచ్చారు. బహుమతి తగ్గింది, నియమం మారింది, వరద తీసింది. అంటే తప్పు పిల్లల బుద్ధిలో కన్నా ఎక్కువగా నియమం రాసిన తీరులో ఉంది. నాలుగు అని అంకె పెట్టి, నాణ్యత అడగకపోతే నాలుగే వస్తాయి.

2024 మొదట్లో ఇదే కథ ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు మీద మళ్లీ నడిచింది. అది మిర్రర్ కాదు, అసలు రిపోయే. ఒక పాఠం వీడియోలో దాన్ని నమూనాగా వాడటంతో రీడ్‌మీలో తమ పేరు చేర్చిన రిక్వెస్టులు వందల కొద్దీ వచ్చి పడ్డాయి. పాఠం చెప్పేవాళ్లకు ఒక మాట: సాధన కోసమైతే మీరే ఒక ఖాళీ రిపో తెరిచి పిల్లలకు ఇవ్వండి. దానికి 2 నిమిషాలు పడుతుంది.

మీటలు, వాటి లొసుగులు

ఇక మిర్రర్ నడిపేవాళ్ల చేతిలో ఏముందో చూద్దాం. గిట్‌హబ్‌లో ఇష్యూలను ఒక్క టిక్కు తీసేసి ఆపొచ్చు. పుల్ రిక్వెస్టులకు అలాంటి మీట పదేళ్లకు పైగా లేనే లేదు. ఇటీవలే గిట్‌హబ్ ఆ ఏర్పాటు తెచ్చింది: పూర్తిగా ఆపొచ్చు, లేదా కొలాబరేటర్లకే పరిమితం చేయొచ్చు. అంతకుముందు జనం పట్టిన అడ్డదారులు ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తున్నాయి కాబట్టి తెలుసుకోవడం మంచిది.

రిపోను ఆర్కైవ్ చేస్తే రిక్వెస్టులు ఆగుతాయి. కానీ ఆర్కైవ్ చేసిన రిపోలోకి పుష్ కూడా కుదరదు. మిర్రర్ తాజా కావడమే ఆగిపోతుంది, కాబట్టి ఇది మందు కాదు. ‘ఇంటరాక్షన్ లిమిట్’ పెట్టొచ్చు. 24 గంటలు, 3 రోజులు, వారం, నెల, గరిష్ఠంగా 6 నెలలు. ఆ గడువు తీరగానే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. అందుకని కొందరు గడువు ముగిసేలోగా దాన్ని మళ్లీ పొడిగించే స్క్రిప్టు రాసుకున్నారు. పనిచేస్తుంది, కానీ స్క్రిప్టు ఆగిన రోజు ఎవరికీ తెలియదు.

ఎక్కువమంది వాడేది ఆటోమేటిక్‌గా మూసే పద్ధతి. గిట్‌హబ్ యాక్షన్స్‌లో రిక్వెస్టు రాగానే ఒక జవాబు రాసి, మూసి, తాళం వేసే చిన్న వర్క్‌ఫ్లోలు తయారుగా దొరుకుతాయి. ఇక్కడ ఒక మెలిక. వర్క్‌ఫ్లో ఫైలు అదే రిపాజిటరీలో ఉండాలి. మిర్రర్‌లో మనం సొంతంగా ఫైలు పెడితే తర్వాతి పుష్ దాన్ని తుడిచేస్తుందని పైన చూశాం కదా. అంటే ఆ ఫైలును అసలు రిపాజిటరీలోనే చేర్చాలి, లేదా బయట సొంత యంత్రం మీద బాట్ నడపాలి. మొదటిదానికి ప్రాజెక్టు పెద్దల ఒప్పుకోలు కావాలి. గిట్‌హబ్ తాలూకు ఫైలు మా చెట్టులో ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. అడగనివ్వండి. పది వరుసల ఫైలుతో ఒక్క సెక్షన్ దగ్గరే 12 గంటలు మిగులుతాయని మొదటి పేరాలోని లెక్క చూపించండి.

రిక్వెస్టు రాసేటప్పుడే కనిపించే టెంప్లేటుకు మాత్రం ఆ ఇబ్బంది లేదు. సంస్థ పేరు కింద .github అన్న ప్రత్యేక రిపో ఒకటి తెరిచి అందులో టెంప్లేటు, కంట్రిబ్యూటింగ్ సూచనలు పెడితే, సొంతవి లేని మిగతా రిపోలన్నిటికీ అవే వర్తిస్తాయి. 3 మిర్రర్లున్నా 300 ఉన్నా ఒక్క ఫైలు చాలు. మనిషి రాయడం మొదలెట్టక ముందే ‘ఇది మిర్రర్, ఫలానా చోటికి వెళ్లండి’ అని పెట్టెలోనే కనిపిస్తుంది. నా ఓటు అన్నిటికన్నా ముందు దీనికే. ఎందుకంటే ఇది పంపేవాళ్ల సమయాన్ని కూడా కొంత కాపాడుతుంది. మిగతావన్నీ మెయింటెయినర్ సమయాన్నే కాపాడతాయి.

భద్రత కోణం కూడా ఒకటుంది. రిక్వెస్టు రాగానే పరీక్షలు వాటంతటవే నడిచేలా ఉంటే, ఎవరో తెలియనివాళ్ల కోడు మీ ఖర్చుతో నడుస్తుందన్నమాట. ఇలా క్రిప్టో నాణేలు తవ్వించుకున్న దొంగరిక్వెస్టులు పెరగడంతో 2021 ఏప్రిల్‌లో గిట్‌హబ్ నియమం తెచ్చింది: మొదటిసారి పంపినవాళ్ల రిక్వెస్టు మీద పరీక్షలు నడవాలంటే మెయింటెయినర్ ఆమోదం కావాలి. మిర్రర్లలో ఆ పరీక్షలను పూర్తిగా ఆపేయడమే మేలు.

వంతెన కట్టినవాళ్లు

కొన్ని ప్రాజెక్టులు ఆపడం బదులు వంతెన కట్టాయి. గిట్ సంగతే చూడండి. గిట్‌ను తయారుచేసే ప్రాజెక్టు కూడా లైనక్స్ లాగే మెయిళ్లలోనే ప్యాచ్‌లు తీసుకుంటుంది. గిట్‌హబ్‌లో ఉన్నది ప్రతిబింబమే. కానీ అక్కడ గిట్‌గిట్‌గ్యాడ్జెట్ అనే బాట్ ఉంది. మీరు మామూలుగానే రిక్వెస్టు పంపుతారు. ఇదివరకు పనిచేసినవాళ్లు ఎవరైనా మిమ్మల్ని అనుమతించాక ‘/సబ్మిట్’ అని వ్యాఖ్య రాస్తే, బాట్ మీ కమిట్లను ప్యాచ్‌లుగా మార్చి మెయిల్ పంపుతుంది, అక్కడొచ్చిన జవాబులను మీ రిక్వెస్టు కిందికి తెస్తుంది. ఆ అనుమతి మెట్టు చాలా చిన్నది. అయినా టీ షర్టు కోసం వచ్చినవాళ్లు అక్కడే ఆగిపోతారు, పని కోసం వచ్చినవాళ్లు దాటుతారు.

వికీమీడియాలోనూ ఒకప్పుడు గిట్‌హబ్ రిక్వెస్టులను గెరిట్‌కు చేరవేసే బాట్ ప్రయత్నం జరిగింది. అది తేలిక కాదు. గెరిట్‌లో ఒక మార్పు అంటే ఒక కమిట్, దానికో మార్పు సంఖ్య. గిట్‌హబ్ రిక్వెస్టు అంటే ఎన్ని కమిట్లైనా ఉండే బ్రాంచి. ఈ రెండు భాషల మధ్య దుబాసీగా నిలబడటం ఒక్క బాట్‌కు ఎప్పుడూ బరువే. దాన్ని ఎప్పటికప్పుడు మరమ్మతు చేసే మనిషి ఉంటేనే వంతెన నిలుస్తుంది. మనిషి లేనప్పుడు మర్యాదగా మూసేసే బోర్డే మెరుగు.

ఆ మూసేసే మాట ఎలా ఉండాలో కూడా చెప్పాలి. చాలా ప్రాజెక్టుల్లో అది పోలీసు నోటీసులా ఉంటుంది. నేనైతే ఇలా రాస్తాను:

‘నమస్కారం. మీరు సమయం పెట్టి పంపినందుకు కృతజ్ఞతలు. ఇది మా అసలు రిపాజిటరీకి ప్రతిబింబం మాత్రమే. ఇక్కడ ఏది కలిపినా తర్వాతి అప్‌డేట్‌లో చెరిగిపోతుంది. అందుకే దీన్ని మూస్తున్నాం, మీ మార్పు బాగాలేదని కాదు. కోడు మార్పులను ఈ చిరునామాకు పంపండి. తెలుగు అనువాదమైతే ఈ చిరునామాకు. మొదటిసారైతే ఈ పేజీ చదివితే 10 నిమిషాల్లో తెలుస్తుంది.’

ఎనిమిది వాక్యాలు. అందులో నాకు అన్నిటికన్నా విలువైనది ‘మీ మార్పు బాగాలేదని కాదు’ అన్న ముక్క. బాట్ రాసినా సరే, ఆ ముక్క చదివిన 19 ఏళ్ల పిల్ల మళ్లీ ప్రయత్నిస్తుంది. దీన్ని ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ పెట్టడానికి అదనంగా అయ్యే ఖర్చేమీ లేదు.

పంపే ముందు

పంపేవాళ్లు చేయాల్సింది కూడా ఎక్కువేం కాదు, 2 నిమిషాల పని. రిపో పేరు కిందే ఉన్న వివరణ చదవండి, ‘మిర్రర్’ అన్న మాట ఉందేమో చూడండి. తర్వాత మూసిన రిక్వెస్టుల జాబితా తెరవండి. మెర్జ్ అయినవాటికి ఊదా రంగు గుర్తు ఉంటుంది, మెర్జ్ కాకుండా మూసినవాటికి ఎరుపు. కమిట్లు రోజూ పడుతుండగా వరసగా 20 ఎర్రగానే ఉంటే, అక్కడ కోడు మరో దారిన వస్తోందని అర్థం. కంట్రిబ్యూటింగ్ ఫైలు ఎలాగూ ఉండనే ఉంది. తాము నడిపే కోర్సులో ‘రిక్వెస్టు లింకు చూపిస్తే మార్కులు’ అని పెట్టే అధ్యాపకులకు ఒక విన్నపం: లింకు చూడకండి, రంగు చూడండి. పంపినవాటికి కాకుండా మెర్జ్ అయినవాటికి మార్కులివ్వండి. 240 పంపే సెక్షన్ అప్పుడు 15 పంపుతుంది, ఆ 15 నిలుస్తాయి.

తెలుగు te.json ఫైళ్లలో దిద్దాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. మీకు తెలుగు బాగా వస్తే గిట్‌హబ్ దాకా వెళ్లనక్కర్లేదు. ట్రాన్స్‌లేట్‌వికీ.నెట్‌లో ఖాతా తెరిచి, భాషల్లో తెలుగు ఎంచుకుని, ఇవాళ రాత్రి ఒక్క సందేశంతో మొదలుపెట్టండి.